జర్మనీలో మాగ్డెబుర్గ్ వచ్చాను, ఆన్మెల్డుంగ్ (అడ్రస్ రిజిస్ట్రేషన్) అవ్వట్లేదు, డబ్బులు ఆగిపోయాయి. దారి చెప్పండి

భీమవరం_బుల్లోడు | అక్టోబర్ 8, 2025, రాత్రి 11:40

అందరికీ నమస్తే. ఈ వింటర్ సెమిస్టర్‌కి మాగ్డెబుర్గ్‌లో మాస్టర్స్‌కి వచ్చాను. సెప్టెంబర్ ఆఖర్లో దిగాను. స్టూడెంట్ హాస్టల్‌లో ఇంకా వెయిటింగ్ లిస్టే. అందుకని హాసెల్‌బాఖ్‌ప్లాట్స్ దగ్గర ఒక షేర్డ్ ఫ్లాట్‌లో, వారం వారం కట్టే పద్ధతిలో రూమ్ తీసుకున్నాను.

చిక్కు ఏంటంటే, నేను ఆ ఇంట్లో ఉంటున్నట్టు కాగితం మీద సంతకం పెట్టనంటున్నాడు రూమ్ ఇచ్చినాయన. "నువ్వు టెంపరరీ కదా, అవసరం లేదు" అంటాడు. ఆ కాగితం లేనిదే ఆన్మెల్డుంగ్ లేదు. నేను వెళ్లిన బ్యాంకులో ఆన్మెల్డుంగ్ లేనిదే అకౌంట్ లేదన్నారు. అకౌంట్ లేనిదే బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన ఖాతా) నుంచి నెలకి రావాల్సిన 992 యూరోలు రావు. తెచ్చుకున్న నగదు కరిగిపోతోంది. క్లాసులు వచ్చే వారమే.

వాట్సాప్ గ్రూపులో ఒకతను 250 యూరోలిస్తే అడ్రస్ ఇస్తా, ఆన్మెల్డుంగ్ చేయించుకో అంటున్నాడు. ఇచ్చేయమంటారా? ఇంట్లో చెప్పలేదు. అమ్మ వీడియో కాల్‌లో రూమ్ చూపించరా అంటే నెట్ బాలేదని కట్ చేస్తున్నాను.

ఎల్బే_అక్క | అక్టోబర్ 9, ఉదయం 6:50

తమ్ముడూ, ముందు ఆ 250 యూరోల సంగతి. ఇవ్వకు. ఉండని ఇంటి అడ్రస్ మీద రిజిస్టర్ చేయించుకోవడం ఇక్కడ చట్టవిరుద్ధం. అడ్రస్ అమ్మేవాడికి 50,000 యూరోల దాకా జరిమానా వేసే వీలుంది, కొన్నవాడినీ వదలరు. అదీకాక నీ టాక్స్ ఐడీ, ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు పిన్, ఫారినర్స్ ఆఫీసు ఉత్తరాలు అన్నీ వాడింటికే పోతాయి. రేపు వాడు ఫోన్ ఎత్తకపోతే ఎవర్ని అడుగుతావు?

ఇక మీ ఫ్లాట్ ఆయన. సంతకం పెట్టడం ఆయన దయ కాదు, చట్ట ప్రకారం బాధ్యత. నువ్వు నిజంగా అక్కడ కాపురం ఉంటే ఇచ్చి తీరాలి. ఇవ్వకపోతే ఆ సంగతి రిజిస్ట్రేషన్ ఆఫీసులో చెప్పుకోవాల్సిందీ నువ్వే, అప్పుడు వాళ్లు ఆయన్ని అడుగుతారు. ఆయనకి మర్యాదగా ఒక మెయిల్ రాయి, ఫోన్‌లో వద్దు. ఈ దేశంలో నోటి మాటకి విలువ లేదు, మెయిల్‌కి ఉంది. సంతకం అసలు ఇంటి ఓనరే పెట్టాలని కూడా లేదు, నీకు గది ఇచ్చిన మెయిన్ టెనెంట్ పెట్టినా చెల్లుతుంది.

14 రోజుల్లో రిజిస్టర్ కావాలన్న గడువు దాటిపోతోందని నీకు టెన్షన్ ఉండి ఉంటుంది. ఇప్పుడే ఆన్‌లైన్‌లో దొరికిన మొదటి అపాయింట్‌మెంట్ బుక్ చేసి స్క్రీన్‌షాట్ దాచుకో. అది చూపిస్తే మామూలుగా ఏమీ అనరు. బుక్ చేశాక కూడా పొద్దున్నే సైట్ తెరిచి చూస్తూ ఉండు, ఎవరో ఒకరు క్యాన్సిల్ చేసిన స్లాట్లు పడుతుంటాయి.

బ్యాంకు సంగతి: అన్ని బ్యాంకులూ ఆన్మెల్డుంగ్ అడగవు. పాస్‌పోర్టు, వీసా పట్టుకుని పోస్టాఫీసు కౌంటర్‌లో గుర్తింపు పూర్తి చేసే అకౌంట్లు ఉన్నాయి. నీ బ్లాక్డ్ అకౌంట్ కంపెనీకి ఏమేం కాగితాలు కావాలో వాళ్లనే మెయిల్‌లో అడుగు. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి. కొందరికి బ్యాంకు నంబర్, వీసా కాపీ చాలు.

హెల్త్ ఇన్సూరెన్స్ మొదలైందా? ఇన్సూరెన్స్ వాళ్లు యూనివర్సిటీకి ఎమ్10 అనే మెసేజ్ పంపితే తప్ప ఎన్‌రోల్‌మెంట్ పూర్తి కాదు. అది అయిందో లేదో ఇవాళే కనుక్కో.

ఉప్మా_వద్దు | అక్టోబర్ 9, ఉదయం 9:22

నేను కెమ్నిట్స్‌లో ఉంటా. అక్క చెప్పినవన్నీ చేసినా ఒక్క చోట ఆగిపోయే ప్రమాదం ఉంది. కిందికెళ్లి పోస్ట్ డబ్బా మీద నీ పేరుందో లేదో చూడు.

ఇక్కడ చాలా బిల్డింగుల్లో మన అపార్ట్‌మెంట్లలోలా ఫ్లాట్ నంబర్లు ఉండవు. పోస్ట్‌మ్యాన్ వీధి పేరు, బిల్డింగ్ నంబర్ చూసి వస్తాడు, తర్వాత డబ్బాల మీద ఇంటిపేర్లు చదువుకుంటూ పోతాడు. నీ పేరు లేకపోతే, నువ్వు గుమ్మంలో నిలబడి ఉన్నా ఉత్తరం వెనక్కే. మా బ్యాచ్‌లో బ్యాంకు కార్డులు అలా తిరిగిపోయినవాళ్లు చాలామంది. కార్డు ఒక కవర్లో, పిన్ ఇంకో కవర్లో, వేర్వేరు రోజుల్లో వస్తాయి. పిన్ వచ్చి కార్డు రాని మహానుభావుడు ఒకడు మా ఫ్లోర్‌లోనే ఉన్నాడు.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే అంటించు. మన పేర్ల గోల తెలిసిందే కదా. ఇంటిపేరు ముందా వెనకా, కొందరికి ఆ గడే ఖాళీ. యూనివర్సిటీ ఒక రకంగా, ఇన్సూరెన్స్ ఇంకో రకంగా ఎక్కించుకుంటే తర్వాత వాటిని కలపడానికి మెయిళ్లు రాసుకుంటూ కూర్చోవాలి. మొదటి రోజే అన్నిచోట్లా ఒక్కలాగే ఇవ్వు.

భీమవరం_బుల్లోడు | అక్టోబర్ 9, మధ్యాహ్నం 1:05

చూశాను. డబ్బా మీద మూడు ఇంటిపేర్లున్నాయి, నాది లేదు. మా ఇంటిపేరు రాస్తే ఆ స్టిక్కర్‌లో పట్టేట్టు కూడా లేదు. ఇన్సూరెన్స్ వాళ్ల కార్డు ఎందుకు రాలేదో ఇప్పుడర్థమైంది. ఎమ్10 మాత్రం వెళ్లిందట, ఎన్‌రోల్‌మెంట్ ఓకే.

ఎల్బే_అక్క | అక్టోబర్ 9, మధ్యాహ్నం 1:30

పొడుగైతే చిన్న అక్షరాలతో రాసి టేప్ వెయ్యి, మొత్తం రాయి, కుదించకు. అందాకా ఎవరికి అడ్రస్ ఇచ్చినా నీ పేరు కింద సీ/ఓ (ఫలానావాళ్ల ద్వారా) అని పెట్టి, డబ్బా మీద ఇప్పటికే ఉన్న ఒకరి ఇంటిపేరు చేర్చు. వాళ్లని ముందు అడిగి చెయ్యి.

పాతకాపు_2014 | అక్టోబర్ 9, సాయంత్రం 7:48

కాగితాల గురించి అందరూ చెప్పారు. నేను వేరే మాట చెప్తా, నచ్చకపోవచ్చు. ఈ ఫ్లాట్ వదిలాక నలుగురు తెలుగువాళ్లుండే ఫ్లాట్‌కి మాత్రం వెళ్లకు. నేను 2014లో వచ్చాను, ఇప్పుడు ష్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం. నాతో వచ్చినవాళ్లలో తెలుగు ఫ్లాట్‌లో సెటిలైనవాళ్లు రెండేళ్ల తర్వాత కూడా రొట్టెల షాపులో వేలితో చూపించి కొనుక్కునేవాళ్లు. కోర్సు ఇంగ్లీషులోనే ఉంటుంది, నిజమే. వర్కింగ్ స్టూడెంట్ ఉద్యోగాల ప్రకటనలు చూశారా ఎప్పుడైనా? చాలావరకు జర్మన్ అడుగుతాయి. మొదటి వారాల్లో ఏ అలవాటు పడితే అదే చివరిదాకా ఉంటుంది.

కరీంనగర్_పోరడు | అక్టోబర్ 9, రాత్రి 9:15

పాతకాపు అన్నా, మీరు వచ్చిన కాలం వేరు. అప్పుడు మనోళ్లు ఎంతమంది? ఇప్పుడు జర్మనీలో విదేశీ స్టూడెంట్లలో ఇండియావాళ్లే ఎక్కువ, 2023-24 వింటర్ సెమిస్టర్‌కే 49 వేలు దాటిన్రు. రూమ్ దొరుకుడే గగనమైతుంటే, జర్మన్ ఫ్లాట్‌మేట్లను ఏరుకునే చాయిస్ ఎవరికుంది? నేను రూముల కోసం పెట్టిన మెసేజ్‌లకు జవాబే రాలేదు. వచ్చిన ఒక్క జవాబు కూడా "నేను ఊళ్లో లేను, అడ్వాన్స్ పంపు, తాళం కొరియర్‌లో వస్తది" అనే మోసగాడిది.

అప్పుడు రూమ్ ఇచ్చింది ఒక వరంగల్ అన్న. వచ్చిన కొత్తల్ల నాకు జ్వరం వస్తే రాత్రి 116117కు ఫోన్ చేసి జర్మన్‌ల మాట్లాడింది ఆయనే. అది డాక్టర్ల డ్యూటీ నంబర్, అందరూ సేవ్ చేసుకోన్రి. ప్రాణం మీదికొస్తే 112. రసం కాచి పెట్టింది కూడా ఆయనే. ఆ ఫ్లాట్ల ఉండి కూడా నేను జర్మన్ బీ1 లెవెల్ పాసైన. ఫ్లాట్‌ల ఎవరున్నరనే దానికన్నా, సాయంత్రం క్లాసుకు పోతున్నమా లేదా అన్నదే లెక్క.

పాతకాపు_2014 | అక్టోబర్ 9, రాత్రి 10:02

రసం విషయంలో నీతో వాదించను. నువ్వు బీ1 పాసయ్యావు, సంతోషం. మీ ఫ్లాట్‌లో మిగతావాళ్లు?

కరీంనగర్_పోరడు | అక్టోబర్ 9, రాత్రి 10:06

ఇద్దరు ఏ2ల ఆగిన్రు 🙂 అయినా నా మాట నాదే అన్నా.

నాన్న_గుంటూరు | అక్టోబర్ 10, ఉదయం 5:12

నమస్కారం. మా అబ్బాయి నిరుడు అక్కడికే చదువుకు వచ్చాడు, వాడి కోసం ఇవన్నీ చదవడం మొదలుపెట్టాను. భీమవరం బాబూ, ఇంట్లో చెప్పు. మావాడు కూడా మొదట్లో ఇలాగే దాచాడు. వాడు దాస్తున్నాడని మాకు రెండో రోజే తెలిసింది. ఫోన్ పెట్టే ముందు "సరే ఉంటా" అనే తీరులోనే తెలిసిపోతుంది. ఏం జరిగిందో తెలియక వాళ్లమ్మ అనుకున్నవి అసలు జరిగినదాని కన్నా చాలా పెద్దవి.

డబ్బు విషయం: ఇంటి నుంచి చదువు ఖర్చుకు పంపించుకోవచ్చు. మీ నాన్నగారు తన బ్యాంకులో ఏ2 ఫారం (విదేశానికి డబ్బు పంపే ఫారం) నింపి, ఎడ్యుకేషన్ అని కారణం రాయించాలి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి పది లక్షల వరకు టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు పట్టుకునే పన్ను) పట్టుకోరు. అంతకు మించితే పైమొత్తం మీద 2025-26లో 5 శాతం, అది ఐటీ రిటర్న్‌లో సర్దుకోవచ్చు. బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ డబ్బయితే టీసీఎస్ అసలు లేదు. అయితే అక్కడ నీ పేరున అకౌంట్ ఉండాలి కాబట్టి ముందు ఆ పని చూడు. అందాకా ఫారెక్స్ కార్డు ఏదైనా తీసుకున్నావా? ఉంటే అందులో వెయ్యమను, త్వరగా పడుతుంది.

భీమవరం_బుల్లోడు | అక్టోబర్ 10, రాత్రి 8:31

ఫారెక్స్ కార్డు ఉందండీ, అందులో ఇరవై యూరోలు కూడా లేవని దాన్ని మర్చిపోయాను. ఇవాళ నాన్నకి చెప్పాను. తిట్టలేదు. "ఎంత కావాలో చెప్పు" అన్నారంతే. థాంక్యూ అండీ.

ఉప్మా_వద్దు | అక్టోబర్ 11, మధ్యాహ్నం 12:40

ఇక వంట. ఎవరూ చెప్పలేదు కాబట్టి నేనే. నీ రూమ్ పైకప్పుకి తెల్లగా గుండ్రంగా ఒకటుందే, అది పొగ అలారం. ఆవాలు, ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు కిటికీ బార్లా తెరువు, వంటగది తలుపు మాత్రం మూసి ఉంచు. ఘాటుకి తట్టుకోలేక తలుపు తెరిస్తే పొగ కారిడార్‌లోకి పోతుంది, కొన్ని హాస్టళ్లలో అక్కడి అలారం నేరుగా ఫైర్ ఇంజిన్‌కి కలిపి ఉంటుంది. మా బ్లాక్‌లో ఒక రాత్రి పులిహోర కోసం బిల్డింగంతా పైజామాల్లో రోడ్డు మీద నిలబడింది. ఆ ఫైర్ ఇంజిన్ బిల్లు ఎవరు కట్టాలనే పంచాయితీ ఇంకా తెగలేదు.

బయటికి వెళ్లేటప్పుడు తాళం జేబులో ఉందో లేదో చూసుకునే తలుపు లాగు. ఇక్కడి తలుపులకి బయట హ్యాండిల్ తిరగదు, మూస్తే అంతే. రాత్రి పూట తాళాలు తీసేవాణ్ణి పిలిస్తే నెల కిరాయంత అడిగేవాళ్లున్నారు. ముందు ఫ్లాట్‌మేట్లకి ఫోన్ చెయ్యి.

ఖాళీ సీసాలు పారేయకు. చాలావరకు ప్లాస్టిక్ సీసాలకి, క్యాన్లకి 25 సెంట్లు వెనక్కిస్తారు, సూపర్‌మార్కెట్‌లో మెషీన్ ఉంటుంది. నువ్వున్న పరిస్థితిలో ఆ రసీదుతో పెరుగు డబ్బా వస్తుంది. అసలు నీళ్ల సీసాలు కొనడమే దండగ, కుళాయి నీళ్లు శుభ్రంగా తాగొచ్చు.

వైజాగ్_వెన్నెల | అక్టోబర్ 12, సాయంత్రం 4:18

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నేను ఏప్రిల్‌లో వద్దామనుకుంటున్నా. మా కన్సల్టెన్సీవాళ్లు పార్ట్‌టైమ్‌తో ఖర్చులన్నీ పోగా లోన్ ఈఎమ్ఐ కూడా కట్టొచ్చంటున్నారు. నిజమేనా? సామాన్లలో ఏం తెచ్చుకోవాలి?

ఎల్బే_అక్క | అక్టోబర్ 12, రాత్రి 8:55

చెల్లీ, లెక్క నువ్వే వేసుకో. స్టూడెంట్ వీసా మీద ఏడాదికి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు పని చేయొచ్చు. 2025లో కనీస వేతనం గంటకి 12.82 యూరోలు. మొదట్లో దొరికేవి ఎక్కువగా మినీజాబ్‌లు (చిన్న పార్ట్‌టైమ్ పనులు), వాటి సంపాదన పరిమితి 2025లో నెలకి 556. హెల్త్ ఇన్సూరెన్స్ 140 పైనే. రూమ్ మాగ్డెబుర్గ్ లాంటి ఊళ్లో 300 చుట్టుపక్కల, మ్యూనిక్‌లో అయితే దాని రెట్టింపు దాటినా ఆశ్చర్యం లేదు. టీవీ లేకపోయినా సరే, ఇంటికొకరు చొప్పున నెలకి 18.36 రేడియో ఫీజు కట్టాలి, దాన్ని ఫ్లాట్‌లో పంచుకోవచ్చు. తిండి, ఫోన్ వేరే. ఇందులో ఈఎమ్ఐ ఎక్కడినుంచి వస్తుందో ఆ కన్సల్టెన్సీవాళ్లని కాగితం మీద రాసిమ్మను.

అన్నిటికన్నా ముఖ్యం, మొదటి సెమిస్టర్‌లో పని దొరక్కపోవచ్చు. దొరికినా రాత్రి షిఫ్ట్ గోడౌన్ పని చేసి పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్లడం మాటలు కాదు. మొదటి ఆరు నెలలు బ్లాక్డ్ అకౌంట్ డబ్బుతోనే బతకాలి అనుకుని రా.

సామాన్లలో నెయ్యి, చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టకు. యూరప్ బయటినుంచి మాంసం, పాలతో చేసినవి తేకూడదు, కస్టమ్స్‌లో చూస్తే తీసి పారేస్తారు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. ఆవకాయ, గోంగూర పచ్చడి, కందిపొడి, మిరప్పొడి, చింతపండు తెచ్చుకో. బియ్యం, పప్పులు, మసాలాలు ఏషియన్ షాపుల్లో, టర్కీవాళ్ల కొట్లలో దొరుకుతాయి, వాటితో కిలోలు నింపకు. చిన్న కుక్కర్ మాత్రం తెచ్చుకో. సర్టిఫికెట్లు హ్యాండ్ లగేజీలోనే.

పాతకాపు_2014 | అక్టోబర్ 12, రాత్రి 9:20

కుక్కర్‌కి స్పేర్ గ్యాస్కెట్ కూడా. అది మాత్రం ఇక్కడి షాపుల్లో దొరకడం కష్టం.

భీమవరం_బుల్లోడు | అక్టోబర్ 17, సాయంత్రం 6:10

క్లాసులు మొదలయ్యాయి. 9:15కి క్లాసైతే 9:15కే తలుపు మూస్తున్నారు. మొదటి లెక్చర్ అయిపోగానే అందరూ ఒక్కసారిగా బల్లల మీద పిడికిళ్లతో కొట్టడం మొదలుపెట్టారు. ఏదో గొడవనుకుని బ్యాగు సర్దుకున్నాను. చప్పట్ల బదులు అదేనట.

అటెండెన్స్ తీసుకోలేదు. ఎవరూ ఏమీ అడగలేదు. మొదటి రోజు హాయిగా అనిపించింది, రెండో రోజుకి భయమేసింది. మా ఇంజనీరింగ్ కాలేజీలో 75 శాతం అని వెంటపడేవాళ్లు.

మా ఓనర్‌కి మెయిల్ పెట్టాను, అక్క చెప్పినట్టే మర్యాదగా. జవాబు లేదు. ఫ్లాట్‌లో ఇంకో గదిలో ఉండే పోలండ్ అబ్బాయికి కూడా ఇదే కథట. ఇద్దరం కలిసి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి వెళ్లి చెప్పాం.

కరీంనగర్_పోరడు | అక్టోబర్ 17, రాత్రి 8:00

భయమే మంచిది తమ్మీ. అటెండెన్స్ అడగరు గానీ పరీక్షకు నువ్వే వేరుగా రిజిస్టర్ చేసుకోవాలె. కోర్సుకు పేరిచ్చిన కదా, పరీక్షకు ఆటోమేటిక్‌గ పేరుంటది అనుకుంటే హాల్‌లకు రానియ్యరు. ఆ తారీఖు పోర్టల్‌ల చూసి ఫోన్‌ల పెట్టుకో. చాలా కోర్సుల్లో ఒక పరీక్షకు మూడే చాన్సులు. మూడోసారి కూడా పోతే ఆ కోర్సే పోతది, వీసా కూడా దాని మీదనే ఆధారపడి ఉంటది. సెమిస్టర్‌కు 30 క్రెడిట్లు రాసి ఉన్నయని అన్నీ మొదటి సెమిస్టర్‌లనే మీదేసుకోకు. నీ ప్రోగ్రామ్ రూల్స్ పీడీఎఫ్ ఉంటది, జర్మన్‌లనే ఉంటది, ట్రాన్స్‌లేట్ చేసుకోనైనా చదువు.

ఇంకోటి. మార్కులు ఇక్కడ ఉల్టా. 1.0 అంటే టాప్, 4.0 అంటే గట్టెక్కినట్టు, 5.0 అంటే ఫెయిల్. మా అమ్మకు నాకు 3.7 వచ్చిందంటే స్వీట్లు పంచింది. నేనేమీ చెప్పలే.

నాన్న_గుంటూరు | అక్టోబర్ 18, ఉదయం 5:30

మావాడు కూడా 3.3 అని చెప్పాడు. ఇవాళ మాట్లాడతాను.

ఉప్మా_వద్దు | అక్టోబర్ 18, ఉదయం 8:44

😂😂 అంకుల్, 3.3 పాసే అండీ, వాణ్ణి వదిలేయండి!

భీమవరం_బుల్లోడు | అక్టోబర్ 24, రాత్రి 10:25

కొన్ని కదిలాయి. ఇంటర్నేషనల్ ఆఫీసు మేడమ్ మా ఎదురుగానే ఆయనకి ఫోన్ చేసి జర్మన్‌లో ఏదో అన్నారు. మర్నాడు సంతకం పెట్టిన కాగితం డోర్ కింద నుంచి తోసి ఉంది. ఫారంలో తారీఖు తప్పు వేశాడు, మళ్లీ రాయించుకోవాల్సి వచ్చింది. పొద్దున్నే చూస్తుంటే ఒక క్యాన్సిల్ స్లాట్ దొరికింది, బుధవారం ఆన్మెల్డుంగ్ అయిపోయింది. కౌంటర్‌లో ఆవిడ పాస్‌పోర్టు చూసి మా ఇంటిపేరు పలకడానికి ప్రయత్నించి, నవ్వి, ప్రింట్ తీసి ఇచ్చింది. పది నిమిషాల పని.

బ్యాంకు అకౌంట్ పోస్టాఫీసు పద్ధతిలో తెరిచాను. పిన్ వచ్చింది. కార్డు రాలేదు. ఉప్మా అక్కా, మీ ఫ్లోర్‌లో మహానుభావుడికి నా నమస్కారాలు. బ్లాక్డ్ అకౌంట్ డబ్బు నవంబర్ మొదట్లో వస్తుందన్నారు.

ఇంకో ప్రశ్న. నా వీసా ఫిబ్రవరి దాకా ఉంది. రెసిడెన్స్ పర్మిట్‌కి ఇప్పుడే పెట్టాలా, ఇంకా టైమ్ ఉందా?

ఎల్బే_అక్క | అక్టోబర్ 25, ఉదయం 7:20

ఇప్పుడే. ఇవాళే. అపాయింట్‌మెంట్ రావడానికే నెలలు పట్టొచ్చు. వీసా గడువు లోపల అప్లికేషన్ వాళ్లకి చేరి ఉండటం ముఖ్యం, అప్పుడు కార్డు ఆలస్యమైనా నీ హక్కులు కొనసాగుతాయి. దానికి రుజువుగా మధ్యలో ఒక కాగితం ఇస్తారు, ఫిక్త్సియోన్స్‌బెషైనిగుంగ్ అని. అది చేతిలో ఉన్నప్పుడు ఇండియా టికెట్ బుక్ చేసే ముందు, తిరిగి రావడానికి పనికొస్తుందో లేదో అందులో ఏ గడిలో టిక్ ఉందో చూపించి ఫారినర్స్ ఆఫీసులో అడుగు. సంక్రాంతికి ఇంటికెళ్లాలని ఉంటే ఈ మాట గుర్తుంచుకో. ఫీజు 100 యూరోల దాకా అవుతుంది, పక్కన పెట్టుకో.

ఆ రూమ్‌లో ఎన్నాళ్లుంటావు? హాస్టల్ వచ్చాక మళ్లీ కొత్త అడ్రస్‌తో 14 రోజుల్లో ఆన్మెల్డుంగ్ చేయించాలి. పోస్టాఫీసులో డబ్బు కడితే పాత అడ్రస్‌కి వచ్చే ఉత్తరాలు కొత్తదానికి పంపుతారు, ఆ నాలుగు డబ్బులకి వెనకాడకు.

పాతకాపు_2014 | అక్టోబర్ 25, ఉదయం 9:05

ఈ రాత్రి గడియారం గంట వెనక్కి. ఇంటికి మూడున్నర గంటల తేడా కాస్తా రేపటినుంచి నాలుగున్నర. అమ్మకి చెప్పు, లేకపోతే రేపు పొద్దున్నే ఒక గంట ముందే ఫోన్ మోగుతుంది. ఇక డిసెంబర్‌కి సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. మధ్యాహ్నం ఎండ కనిపిస్తే లైబ్రరీలోంచి లేచి బయటికి పో. రోటెహోర్న్ పార్కు మీ దగ్గరే కదా, నదివైపు నడువు. జర్మన్ క్లాసులో చేరావా?

భీమవరం_బుల్లోడు | అక్టోబర్ 25, మధ్యాహ్నం 2:12

చేరాను అన్నా, యూనివర్సిటీలోనే ఏ1, వారానికి రెండు సాయంత్రాలు. రొట్టెల షాపులో నోటితోనే అడిగాను, ఆమె ఇంగ్లీషులో జవాబిచ్చింది.

వైజాగ్_వెన్నెల | అక్టోబర్ 29, రాత్రి 7:50

అందరికీ థాంక్స్. కన్సల్టెన్సీని కాగితం మీద లెక్క రాసిమ్మన్నా. "మేడమ్, మీరు నెగటివ్‌గా ఆలోచిస్తున్నారు" అన్నారు. నాన్నతో మాట్లాడి అక్టోబర్‌కి వాయిదా వేద్దామనుకుంటున్నా, ఈలోగా ఇక్కడే ఏ2 వరకు చదువుతా.

ఉప్మా_వద్దు | అక్టోబర్ 30, ఉదయం 8:15

మంచి పని. భీమవరం తమ్ముడూ, అర్జెంట్: రేపు శుక్రవారం 31న మీ సాక్సెన్ అన్‌హాల్ట్ రాష్ట్రంలో కూడా సెలవు, రిఫర్మేషన్ డే. సూపర్‌మార్కెట్లు మూసేస్తారు. శనివారం ఉంటాయి, ఆదివారం మళ్లీ మూత. పాలు, పెరుగు ఇవాళే తెచ్చుకో.

భీమవరం_బుల్లోడు | అక్టోబర్ 30, ఉదయం 8:21

కౌఫ్‌లాండ్ సూపర్‌మార్కెట్ క్యూలోనే ఉన్నా అక్కా. ఊరు ఊరంతా ఇక్కడే ఉంది.